రోలర్ ఎంత తిరిగినా గట్టిపడని నేల: ఒక గోడౌన్ స్థలం చదును కేస్ స్టడీ

స్థలం పొడవు 200 మీటర్లు, వెడల్పు 150 మీటర్లు. మధ్యలో పెద్ద గోడౌన్, చుట్టూ లారీలు తిరిగే యార్డు రావాలి. పొడవునా నేల దాదాపు ఒకే తీరుగా 2 శాతం వాలుతో దిగుతుంది. అంటే పై అంచుకీ కింది అంచుకీ 4 మీటర్ల తేడా. ఆ వాలును 1 శాతానికి తగ్గించాలన్నది డిజైన్. పై సగంలో తవ్విన మట్టి కింది సగంలో పోస్తే సరిపోతుందని, బయటి నుంచి తేవాల్సిన పని గానీ బయటికి పంపాల్సిన పని గానీ లేదని డ్రాయింగ్ మీద రాసి ఉంది. యజమాని తరఫున మట్టి పని చూసుకునే బాధ్యత నాది.

ఈ పనిలో మూడు చోట్ల గొడవ వచ్చింది. మొదట మట్టి చాలలేదు. తర్వాత రోలర్ కింద నేల ఊగింది. చివరికి బిల్లు దగ్గర కొలతలు కలవలేదు. సైట్‌లో ఉన్నవాళ్లకి ఇవి మూడు వేర్వేరు సమస్యల్లా కనిపించాయి. నిజానికి మూడూ ఒకే లెక్కతో విడిపోయాయి. మట్టి ఎంత చోటు ఆక్రమించిందన్నది పక్కనపెట్టి, పొడి మట్టి బరువెంత, అందులో నీళ్లెంత అని చూడడమే ఆ లెక్క. ఈ రెండూ తెలియకుండా పెద్ద మెషిన్లు ఎన్ని దింపినా పని ముందుకు సాగదని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే ఈ కేసును అంకెలతో సహా రాస్తున్నాను.

డ్రాయింగ్‌లో సరిపోయిన మట్టి

ముందుగా స్థలం మొత్తాన్ని 10 మీటర్ల గళ్లుగా విడదీసి, ప్రతి మూలలో లెవెల్ (నేల ఎత్తు) తీయించాం. 21 వరసలు, వరసకి 16 చొప్పున 336 పాయింట్లు వచ్చాయి. ఎత్తులన్నిటికీ ఆధారమైన బెంచ్‌మార్క్‌ని పని జరగని చోట, వాహనాలు తగలని చోట కాంక్రీటు దిమ్మె మీద పెట్టించాను. వేరే మూలలో ఇంకోటి కూడా పెట్టించాను. ఒకటి కదిలితే రెండోది చెబుతుంది. ఈ జాగ్రత్త ఎందుకంటే 30,000 చదరపు మీటర్ల స్థలంలో లెవెల్ ఒక్క సెంటీమీటరు తప్పితే 300 క్యూబిక్ మీటర్ల మట్టి లెక్క తప్పుతుంది.

డ్రాయింగ్ లెక్క సులువే. స్థలం నడిమి గీత దగ్గర లోతు సున్నా, పై అంచున మీటరు కటింగ్, కింది అంచున మీటరు ఫిల్లింగ్. 100 మీటర్ల పొడవు, 150 మీటర్ల వెడల్పు, సగటు లోతు అర మీటరు. అటు 7,500 క్యూబిక్ మీటర్లు, ఇటు 7,500. కాగితం మీద తేడా ఏమీ లేదు.

అందులో రెండు విషయాలు వదిలేశారు. ఒకటి పై మట్టి. వేళ్లు, ఆకులు, కుళ్లిన చెత్త కలిసిన ఆ పొర మీద ఫిల్లింగ్ వేస్తే అవి కుళ్లేకొద్దీ నేల కిందికి దిగుతుంది. కాబట్టి దాన్ని తీసేయాల్సిందే. గుంటలు తీసి చూస్తే ఆ పొర మందం సగటున 20 సెంటీమీటర్లు తేలింది. అంటే 6,000 క్యూబిక్ మీటర్లు. దాన్ని తీయగానే నేల మొత్తం 20 సెంటీమీటర్లు దిగుతుంది, కటింగ్‌కీ ఫిల్లింగ్‌కీ మధ్య ఉన్న సున్నా గీత 20 మీటర్లు పైకి జరుగుతుంది. అప్పుడు కటింగ్ 4,800కి పడిపోతుంది, ఫిల్లింగ్ 10,800కి పెరుగుతుంది.

రెండోది మట్టి కుంచించుకుపోవడం. నేలలో ఉన్న సహజ స్థితి, తవ్వి టిప్పర్‌లో పోసిన స్థితి, రోలర్ కింద నలిగిన స్థితి. ఈ మూడింట్లో ఒకే మట్టి మూడు రకాల చోటు ఆక్రమిస్తుంది. మా స్థలంలోది ఎర్రటి గ్రావెల్ కలిసిన బంకమట్టి. కటింగ్ చోట కోర్ కట్టర్ అనే ఇనుప గొట్టంతో వేర్వేరు లోతుల్లో నమూనాలు తీస్తే పొడి సాంద్రత (నీరు లెక్కేయకుండా ఆ చోటులో ఉన్న మట్టి బరువు) సగటున క్యూబిక్ మీటరుకి 1.53 టన్నులు. ఫిల్లింగ్‌లో మాకు కావలసింది 1.80. అంటే నేలలో ఉన్న ఒక క్యూబిక్ మీటరు మట్టి ఫిల్లింగ్‌లోకి వెళ్లి 0.85 అవుతుంది. ఆ లెక్కన 4,800 తవ్వితే నిండేది 4,080 మాత్రమే. కావలసింది 10,800. లోటు 6,720 క్యూబిక్ మీటర్లు! సమానంగా ఉందన్న డ్రాయింగ్‌లోంచి ఇంత లోటు బయటపడింది.

దీనికి తోడు కింది మూలలో నల్లరేగడి తగిలింది. దాదాపు 1,000 చదరపు మీటర్ల మేర, మీటరు లోతు. తడిస్తే ఉబ్బి ఎండితే పగుళ్లు పడే ఆ మట్టి మీద లారీలు తిరిగే యార్డు నిలవదు. దాన్ని తీసి ఎర్రమట్టితో నింపాలంటే ఇంకో 1,000 క్యూబిక్ మీటర్లు కావాలి.

బయటి నుంచి గ్రావెల్ తెప్పిద్దామని కాంట్రాక్టర్ అన్నారు. నాకు అది నచ్చలేదు. దొరికే గ్రావెల్ ఎలా ఉంటుందో మళ్లీ టెస్టులు చేయాలి, రోడ్డు మీద అన్ని టిప్పర్లు తిప్పాలి. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది. ప్లాట్‌ఫాం మొత్తాన్ని ఎంత కిందికి దించితే సొంత మట్టి సరిపోతుంది? లెవెల్ దించితే కటింగ్ పెరుగుతుంది, ఫిల్లింగ్ తగ్గుతుంది, రెండూ మనకి కలిసొచ్చేవే. కుంచించుకుపోవడం కూడా కలిపి చూస్తే మా స్థలంలో సెంటీమీటరుకి సుమారు 280 క్యూబిక్ మీటర్లు కలిసొస్తోంది. 28 సెంటీమీటర్లు దించితే కటింగ్ దాదాపు 8,750 అవుతుంది, నలిగాక అది 7,440. ఫిల్లింగ్ 6,350, నల్లరేగడి గుంటకి 1,000, మొత్తం 7,350. ఇంకా 90 మిగులుతుంది.

ఇలా దించే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. రోడ్డు మన స్థలం కన్నా ఎత్తులో పడి నీళ్లు లోపలికి వస్తాయా? యార్డు నీళ్లు బయటి కాలువలోకి వాలుతో పోతాయా? రోడ్డూ కాలువా రెండూ కింది అంచు వైపే ఉన్నాయి. దించాక కూడా ఆ అంచున ప్లాట్‌ఫాం పాత నేల కంటే 72 సెంటీమీటర్లు ఎత్తులోనే ఉంటుంది. కాలువ అడుగు లెవెల్‌తో పోల్చి చూసి, డిజైన్ చేసినవాళ్ల సంతకం తీసుకుని మార్చాం. గోడౌన్ కిందిభాగాన్ని సమతలంగా చేయడానికి అటూ ఇటూ జరిపే మట్టి అక్కడికక్కడే సరిపోతుంది కాబట్టి దాన్ని ఈ లెక్కలో కలపలేదు.

మట్టి ముట్టుకునే ముందు నీళ్ల దారి

మెషిన్లు రాగానే కటింగ్ మొదలుపెట్టాలని అందరికీ తొందర. మేం ముందు తవ్వించింది పై అంచు వెంబడి ఒక కాలువ. పైనుంచి వచ్చే వాననీరు పని జరిగే చోటికి రాకుండా పక్కకి మళ్లడానికి. కింది మూలలో బురద నీళ్లు నిలిచి, మట్టి అడుగుకి దిగాక నీళ్లు మాత్రమే బయటికి పోయేలా ఒక గుంట తీయించాం. గడ్డీ చెట్లూ తీసేసిన నేల మీద ఒక్క గట్టి వాన పడితే ఆ బురదంతా పక్కవాళ్ల స్థలంలోకో కాలువలోకో చేరుతుంది. పక్కవాడి చేలోకి బురద పంపి మన స్థలం బాగుచేసుకోవడం నా దృష్టిలో పని కాదు.

తీసిన పై మట్టిని రెండు మీటర్ల కంటే ఎత్తు పోయకుండా, నీళ్ల దారికి అడ్డం రాకుండా ఒక పక్కన పోయించాం. తర్వాత గట్ల వాలుల మీద పరిచి గడ్డి వేయడానికి అదే పనికొచ్చింది.

కటింగ్‌కి ఎక్స్‌కవేటర్లు, పరచడానికి డోజర్, సరిచేయడానికి గ్రేడర్, బంకమట్టి కాబట్టి డ్రమ్ము నిండా పాదాల్లాంటి దిమ్మెలున్న ప్యాడ్‌ఫుట్ రోలర్, చివరి పొరలకి నున్నటి డ్రమ్ రోలర్. టిప్పర్ల దారిని ఒక వైపు రావడం, ఇంకో వైపు పోవడంగా గీశాం. టిప్పర్ రివర్స్ వచ్చే చోట మనుషులు ఉండకూడదని, పైన కరెంటు తీగలున్న చోట బాడీ ఎత్తకూడదని మొదటి రోజే డ్రైవర్లందరినీ నిలబెట్టి చెప్పాం. నేల కింద పైపులు, కేబుళ్లు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టకుండా ఎక్స్‌కవేటర్‌ని ఆ వైపు పోనివ్వలేదు.

మట్టికి ఎంత నీరు కావాలి

మట్టి గట్టితనానికీ నీటి శాతానికీ (పొడి మట్టి బరువు మీద నీరు ఎంత శాతమన్నది) ఉన్న సంబంధాన్ని ఒక పద్ధతిగా పెట్టింది ఆర్.ఆర్.ప్రోక్టర్. లాస్ ఏంజెలెస్‌లో ఆనకట్టలు కట్టే పనిలో ఉన్న ఇంజినీరు, 1933లో దాన్ని ప్రచురించాడు. ఈనాటికీ ప్రపంచమంతా ఆ పేరుతోనే టెస్ట్ చేస్తున్నారు. చిన్న ఇనుప అచ్చులో మట్టిని మూడు పొరలుగా వేసి, సుమారు 2.5 కిలోల సుత్తిని 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పొరకి 25 దెబ్బలు వేస్తారు. నీరు కొంచెం కొంచెం పెంచుతూ పోతే సాంద్రత పెరుగుతుంది, ఒక చోట గరిష్ఠానికి చేరుతుంది, తర్వాత తగ్గడం మొదలవుతుంది. ఆ శిఖరం దగ్గరున్న నీటి శాతాన్నే సైట్‌లో అందరూ ఓఎంసీ (ఆప్టిమమ్ మాయిశ్చర్ కంటెంట్) అంటారు. మా మట్టికి ఓఎంసీ 13 శాతం, గరిష్ఠ పొడి సాంద్రత 1.89. అందులో 95 శాతం రావాలన్నది షరతు. అదే పైన చెప్పిన 1.80.

అసలు పని మొదలయ్యే ముందు ఒక పక్కన ట్రయల్ స్ట్రిప్ వేసి చూశాం. వదులుగా 25 సెంటీమీటర్లు పరిస్తే రోలర్ తర్వాత 18 దగ్గర తేలింది. ప్యాడ్‌ఫుట్ రోలర్‌తో ఎనిమిది పాస్‌లకి, అంటే ఎనిమిది సార్లు తిప్పితే, 95 శాతం దాటింది. ఆ తర్వాత పాస్‌లు పెంచినా పెద్దగా లాభం లేదు. ప్యాడ్‌ఫుట్‌లో ఒక మంచి గుణం ఉంది. మట్టి వదులుగా ఉన్నప్పుడు దాని పాదాలు లోతుకి దిగుతాయి. పొర గట్టిపడేకొద్దీ పైపైకి వస్తాయి. అనుభవమున్న ఆపరేటర్ టెస్ట్ రిపోర్ట్ రాకముందే ఆ పాదముద్రల లోతు చూసి చెప్పగలడు.

కటింగ్‌లోంచి వచ్చే మట్టిలో నీరు 9 శాతమే ఉంది. 1,000 చదరపు మీటర్ల పొరలో పొడి మట్టి దాదాపు 324 టన్నులు. దాన్ని 13 శాతానికి తేవాలంటే 13,000 లీటర్ల నీళ్లు పట్టించాలి. పైన చల్లి వదిలేస్తే పై వేలెడు మందం బురదవుతుంది, కింద పొడిగానే ఉంటుంది. నీళ్లు చల్లాక గ్రేడర్‌తో గానీ డిస్క్ నాగలితో గానీ తిరగేసి కలపాలి. గుప్పెడు మట్టి తీసుకుని పిసికితే ముద్ద కట్టాలి, అరచేతికి తడి అంటకూడదు, కింద వేస్తే రెండు మూడు ముక్కలవ్వాలి. ఇది టెస్ట్‌కి బదులు కాదు గానీ, టెస్ట్ చేసే లోపు ట్యాంకర్‌ని ఆపాలా తేవాలా చెప్పడానికి చాలు.

వాన రాత్రి తర్వాత

ఫిల్లింగ్ సగానికి వచ్చింది. ఒక సాయంత్రం కాంట్రాక్టర్ మనుషులు రేపటి పని ముందే అయిపోతుందని నీళ్లు కలిపిన పొరని పెద్ద మేర పరిచి, రోలర్ వేయకుండా వదిలి వెళ్లిపోయారు. రాత్రి వాన పడింది. మర్నాడు ఎండ బాగా కాసింది. పైన రెండు వేళ్ల మందం తెల్లగా ఎండిపోయి కనిపించేసరికి మధ్యాహ్నానికి రోలర్ ఎక్కించారు.

నేను వెళ్లేసరికి ఆపరేటర్ బండి ఆపుకుని దిగి నిలబడ్డాడు. "ఎన్ని పాస్‌లు వేసినా ఊగుతూనే ఉంది సార్. డ్రమ్ముకి ముందు నేల అలలా లేస్తోంది, వెనక మళ్లీ కుంగుతోంది" అన్నాడు. ఇంకా బరువైన రోలర్ తెప్పిస్తానని సూపర్‌వైజర్ అప్పటికే ఫోన్‌లో ఉన్నాడు. నేను ఆపమన్నాను. నాలుగైదు చోట్ల ఆ ఎండిన పొర కింది నుంచి మట్టి తీసి ఆరబెట్టి చూస్తే నీరు 19 శాతం ఉంది.

ఇక్కడ వేసిన లెక్క ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైనది, కాబట్టి నెమ్మదిగా చెబుతాను. 1,000 కిలోల పొడి మట్టి తీసుకుందాం. ఆ రేణువుల సాపేక్ష సాంద్రత 2.68, అంటే అంతే చోటు పట్టే నీటికి 2.68 రెట్ల బరువు, కాబట్టి అవి ఆక్రమించే చోటు 373 లీటర్లు. 19 శాతం నీరంటే 190 లీటర్లు. రెండూ కలిపి 563 లీటర్లు. మట్టిలో గాలి చుక్క కూడా మిగలకుండా నలిపినా అంతకంటే తక్కువ చోటులో పట్టదు, ఎందుకంటే నీళ్లు నలగవు. మనకి కావలసిన 1.80 సాంద్రతలో 1,000 కిలోల మట్టి 556 లీటర్లలో ఇమడాలి. 563ని 556లో ఇరికించమని రోలర్‌ని అడుగుతున్నాం. అది జరగదు. ఎంత బరువైన రోలర్ తెచ్చినా ఆ నీటి శాతంతో గరిష్ఠంగా వచ్చేది 1.776, అదీ ఊహలోనే.

బరువు పెంచితే జరిగేది ఇంకో రకం నష్టం. రోలర్ భారాన్ని రేణువులకి బదులు వాటి మధ్యనున్న నీరు మోస్తుంది. బంకమట్టిలోంచి ఆ నీరు అంత త్వరగా బయటికి పోలేదు. అందుకే నేల తడి స్పాంజ్‌లా దిగి మళ్లీ లేస్తుంది. వైబ్రేషన్ కూడా పెడితే కింది పొర తడి పైకి లాగుతుంది, బాగున్న పొర కూడా పాడవుతుంది. అందుకే మొదట చేసింది వైబ్రేషన్ ఆపించడం, రెండోది టిప్పర్లని ఆ మేర మీదుగా పోకుండా దారి మార్చడం.

అదే సమయంలో ఒక ల్యాబ్ చీటీ నా దగ్గరికి వచ్చింది. ఆ తడి చోటునే ఒక పాయింట్‌లో నీరు 17 శాతం, పొడి సాంద్రత 1.86, పాస్ అని రాసి ఉంది. ఇదే లెక్క వేస్తే 373కి 170 కలిపి 543 లీటర్లు, అంటే 17 శాతం నీటితో 1.84 దాటడం అసాధ్యం. చీటీ తప్పని కూర్చున్న చోటే తెలిసిపోయింది. టెస్ట్ చేసిన చోటుకి వెళ్లి చూస్తే కారణం కనిపించింది. ఇసుక పోసి కొలిచే పద్ధతిలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, తీసిన మట్టినంతా తూచి, అదే గుంటలో తెలిసిన సాంద్రత ఉన్న పొడి ఇసుక పోసి గుంట పరిమాణం కనుక్కుంటారు. అంత మెత్తటి తడి మట్టిలో గుంట తీయగానే గోడలు లోపలికి జరుగుతాయి. గుంట చిన్నదై, పట్టే ఇసుక తగ్గి, సాంద్రత లేనంత ఎక్కువ కనిపిస్తుంది. దీనికి తారుమారుగా టెస్ట్ చేస్తున్నప్పుడు పక్కన వైబ్రేటరీ రోలర్ తిరిగితే గుంటలో ఇసుక సర్దుకుని ఎక్కువ పడుతుంది, బాగున్న పొర కూడా ఫెయిల్ అయినట్టు వస్తుంది. అప్పటి నుంచి టెస్ట్ జరిగే చోటికి దగ్గరలో రోలర్ ఆపాకే గుంట తీయాలని, ప్రతి చీటీ మీద ఈ గాలి లేని సాంద్రత లెక్క కూడా రాయాలని పెట్టాం.

తడిసిన పొరని ఆరబెట్టడానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి సున్నం కలపడం. కాల్చిన సున్నం తన బరువులో దాదాపు మూడో వంతు నీటిని రసాయనికంగా తీసుకుంటుంది, పుట్టే వేడికి ఇంకొంత ఆవిరవుతుంది. బంకమట్టి గుణం కూడా మారుతుంది. వానలు ఆగకుండా పడుతుంటే అదే దారి. కానీ ఆ పొడి కళ్లలో పడితే, చెమట పట్టిన చర్మానికి తగిలితే కాలుతుంది. గాలికి పక్క స్థలాలకీ పోతుంది. ఎండ ఉన్నప్పుడు అంత సాహసం అవసరం లేదనిపించింది. పొరనంతా డిస్క్‌తో దున్నించి, గ్రేడర్‌తో వరసలుగా లేపి, తిరగేస్తూ ఎండబెట్టించాం. 19 నుంచి 14 శాతానికి దిగాలంటే ప్రతి 1,000 చదరపు మీటర్లకి 16,000 లీటర్ల నీరు గాలిలో కలవాలి. ఆ అంకె సూపర్‌వైజర్‌కి చెప్పాక తొందరపెట్టడం మానేశాడు. 14కి వచ్చాక మళ్లీ పరిచి రోలర్ వేస్తే అవే ఎనిమిది పాస్‌లకి సాంద్రత వచ్చింది.

తర్వాత నిండుగా లోడ్ చేసిన టిప్పర్‌ని ఆ మేరంతా మనిషి నడిచే వేగంతో నడిపించి, వెనక చక్రాల పక్కన మేం నడిచాం. ఒక్క చోట తప్ప ఎక్కడా నేల కదల్లేదు. ఆ ఒక్క చోటు నల్లరేగడి తీసి నింపిన గుంటకి పై అంచు. అక్కడ తవ్వి చూస్తే వానతో సంబంధం లేకుండా పైవైపు నుంచి సన్నగా ఊట వస్తోంది. ఎన్నిసార్లు ఎండబెట్టినా అది మళ్లీ తడుస్తుంది. నీళ్లని పోనిచ్చి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, కంకర నింపి, అడుగున చిల్లుల పైపు వేసి, దాన్ని కింది కాలువ దాకా వాలుతో తీసుకెళ్లాం. ఊటకి దారి చూపాక ఆ ముక్కని తిరిగి కట్టాం. ఆపై నేల కదల్లేదు.

అప్పటి నుంచి సాయంత్రం పని ఆపే విధానం మారింది. ఆ రోజు రోలర్ వేయగలిగినంత మేరే పరచాలి. చీకటి పడే లోపు నున్నటి డ్రమ్‌తో పై ముఖం మూసేయాలి, నీళ్లు జారిపోయేలా 2 నుంచి 3 శాతం వాలు ఉంచాలి. ఉదయాన్నే ఆ నున్నటి ముఖాన్ని గీరి గరుకు చేశాకే కొత్త పొర వేయాలి, లేకపోతే రెండు పొరలూ అతుక్కోవు. తర్వాత కూడా వానలు వచ్చాయి. ఉదయం పై పొర కొంచెం గీరి తీసేస్తే కింద పొడిగానే ఉండేది.

కటింగ్, ఫిల్లింగ్ కలిసే గీత

గోడౌన్ కొంత భాగం కటింగ్ మీద, కొంత ఫిల్లింగ్ మీద కూర్చుంటోంది. పునాది పగుళ్లు ఎక్కువగా ఇలాంటి గీత మీదే పుడతాయి. పుట్టు నేల కాబట్టి కటింగ్ వైపు గట్టిదని అందరూ అనుకుంటారు. కోర్ కట్టర్ అంకె చూడండి: అక్కడి నేల 1.53, మనం పొరలుగా కట్టిన ఫిల్లింగ్ 1.80. పైగా ఆ గీత దాటగానే ఫిల్లింగ్ లోతు మారుతూ పోతుంది. అందుకే గీతకి కటింగ్ వైపు 1,200 చదరపు మీటర్ల మేర అర మీటరు లోతుకి తవ్వి, అదే మట్టిని నీరు సరిచేసి పొరలుగా తిరిగి వేశాం. 600 క్యూబిక్ మీటర్లు తీసి నలిపితే 510 అయింది. ఆ లోటు 90కి ఫిల్లింగ్‌లో మిగిలిన 90 సరిగ్గా సరిపోయింది. డ్రాయింగ్ వేసే దశలోనే నన్ను అడిగి ఉంటే గోడౌన్‌ని మొత్తంగా కటింగ్ మీదికి జరపమని చెప్పేవాణ్ణి. అప్పటికే స్తంభాల స్థానాలు ఖరారయ్యాయి.

గట్ల అంచుల గురించి ఒక్క మాట. రోలర్ అంచు దాకా వెళ్లలేదు, వెళ్తే దొర్లిపోతుంది. కాబట్టి అర మీటరు వెడల్పు అదనంగా కట్టి, చివర్లో ఎక్స్‌కవేటర్ బకెట్‌తో ఆ వదులు మట్టిని చెక్కేసి వాలు తేల్చాం.

మూడో వంతు మట్టి ఎక్కడికి పోయింది

బిల్లు వచ్చింది. ట్రిప్పుల రిజిస్టరు ప్రకారం సుమారు 780 ట్రిప్పులు, ఒక్కో టిప్పర్ 14 క్యూబిక్ మీటర్లు, మొత్తం 10,900 పైచిలుకు. ఫిల్లింగ్ చివరి లెవెల్స్ కొలిస్తే నిండింది 7,440. యజమాని చాలా కోపంగా ఉన్నారు. "మూడో వంతు మట్టి ఏమైందండీ? రాని ట్రిప్పులు రాసుకున్నారా?" అని అడిగారు. కాంట్రాక్టర్‌కీ అవమానంగా అనిపించింది. ఇద్దరూ నిజాయతీపరులే, ఇద్దరి చేతుల్లోనూ సరైన అంకెలే ఉన్నాయి.

మూడు లెక్కల్నీ పొడి బరువులోకి మార్చి ఒకే కాగితం మీద పెట్టాను. పని మధ్యలో కొన్ని టిప్పర్లని వే బ్రిడ్జి మీద తూయించి ఉంచాం. నికర బరువు సగటున 18.7 టన్నులు, అందులో పొడి బరువు మీద 9 శాతం ఉన్న నీరు తీసేస్తే పొడి మట్టి 17.2 టన్నులు. ట్రిప్పుల లెక్కన మొత్తం 13,400 టన్నుల దగ్గర తేలింది. కటింగ్ 8,750ని 1.53తో గుణిస్తే 13,400 దగ్గరే. ఫిల్లింగ్ 7,440ని 1.80తో గుణిస్తే అదీ 13,400 దగ్గరే. ఎవరూ ఏమీ దాచలేదు. తవ్వినప్పుడు మట్టి పావు వంతు ఉబ్బింది, రోలర్ కింద నలిగి మొదటికంటే చిన్నదైంది.

కాగితం చూశాక ఇద్దరి మధ్యా వేడి తగ్గింది. చెల్లింపు కటింగ్ చోట ముందూ వెనకా తీసిన లెవెల్స్ తేడా మీద, అంటే 8,750 మీద జరిగింది. ఈ పనిలో ఒప్పందం రాసేటప్పుడే కొలత నేలలో ఉన్న స్థితిదా, టిప్పర్‌లోదా, నలిగాక ఉన్నదా అన్నది ఒక వాక్యంలో రాసి ఉంటే ఆ కోపతాపాలు వచ్చేవే కావు. ఎవరైనా మట్టి పని ఒప్పందం నాకు చూపిస్తే ముందు వెతికేది ఆ వాక్యాన్నే.

చివరి లెవెల్

పై పొరల్ని గ్రేడర్‌తో తేల్చేటప్పుడు ఉపగ్రహ జీపీఎస్ ఉన్న పరికరం వాడదామన్నారు. కటింగ్ దశలో అది చాలా ఉపయోగపడింది. కానీ మామూలుగా ఎత్తు విషయంలో దాని తేడా రెండు మూడు సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు, 1 శాతం వాలున్న యార్డుకి అది ఎక్కువ. చివరి పొరకి లేజర్ లెవెల్ పెట్టించాం.

షరతులో ప్లస్ గానీ మైనస్ గానీ 25 మిల్లీమీటర్ల తేడా చెల్లుతుందని ఉంది. ఆ వాక్యం ఒక్కటే పట్టుకుంటే ప్రమాదం. 1 శాతం వాలులో 3 మీటర్లకి దిగేది 3 సెంటీమీటర్లే. ఆ మూడు మీటర్లలో పై పాయింట్ 25 మిల్లీమీటర్లు తక్కువగా, కింది పాయింట్ 25 ఎక్కువగా ఉంటే రెండూ పాసే. అయినా వాలు వెనక్కి తిరిగి, అక్కడ నీళ్లు నిలుస్తాయి. అందుకని పాయింట్లతో పాటు 3 మీటర్ల స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని బద్ద) వేసి వాలు ఎటుందో కూడా చూశాం. ఆ తర్వాత ట్యాంకర్‌తో నీళ్లు చల్లి, కాసేపయ్యాక మెరుస్తూ కనిపించిన ప్రతి గుంట చుట్టూ సున్నంతో గీత గీయించి సరిచేయించాం. గోడౌన్ గోడకి ఆనుకుని మొదటి 3 మీటర్లు మాత్రం 5 శాతం వాలు ఇచ్చాం. పునాది పక్కన నీళ్లు ఇంకకూడదు కాబట్టి అక్కడ రాజీ పడలేదు.

స్థలాన్ని భవనం కట్టేవాళ్లకి అప్పగించేటప్పుడు లెవెల్ షీట్లతో పాటు పొరల వారీ టెస్ట్ రిజిస్టరు కూడా ఇచ్చాను. అందులో చివరి పేజీలు ఖాళీగా ఉంచి, పైన "పైప్ ట్రెంచ్‌లు" అని రాయించాను. ఇంత జాగ్రత్తగా కట్టిన ఫిల్లింగ్‌ని డ్రైనేజీ పైపుల కోసం మళ్లీ కోస్తారు. పైపు పెట్టాక తవ్విన మట్టినంతా ఒకేసారి లోపలికి తోసి, పైన బకెట్‌తో నాలుగు తట్లు తట్టి వెళ్లిపోవడం చాలా సైట్లలో జరిగేదే. లారీ చక్రం మొదట దిగబడేది ఆ గీత వెంబడే. అందుకే ట్రెంచ్ ఫిల్లింగ్‌కి కూడా అదే 1.80, ఓఎంసీకి రెండు శాతం అటూ ఇటూగా, అంటే 11 నుంచి 15 శాతం నీరు అని షరతు పెట్టించాం. చిన్న ర్యామర్‌తో కొడతారు కాబట్టి పొర మందం 15 సెంటీమీటర్లకి తగ్గించి, ప్రతి ట్రెంచ్‌కీ కనీసం ఒక టెస్ట్ పాసయ్యాకే పైన యార్డు కాంక్రీటు వేయాలని రాతపూర్వకంగా ఒప్పించాం. మొదటి ట్రెంచ్ టెస్ట్ ఫెయిల్ అయింది. మట్టి పొడిగా ఉంది, 8 శాతం. తిరిగి తీసి, నీళ్లు కలిపి, కొట్టాక పాసైంది. రెండో ట్రెంచ్ నుంచి వాళ్లే ముందుగా నీరు చూసుకోవడం మొదలుపెట్టారు.